ఎడమకాలి చెక్కబూటు

ప్రశ్నలు ఇరవై రెండు.
ఒక్కోదానికి ఐదు గళ్లు,
‘అస్సలు లేదు’ దగ్గర మొదలై
‘రోజూ’ దగ్గర ఆగిపోతాయి.

లెయువార్డెన్ ఆసుపత్రి నుంచి బస్సెక్కి వచ్చాను.
ఫ్రానెకర్ దాటాక కాలువ మీద పైకి లేచే వంతెన,
పక్కన అద్దాల గది,
అందులో సీట్‌స్కె, స్టూలు మీద ఎడమకాలు చాపుకుని.

“గత నాలుగు వారాల్లో కాలు బరువుగా అనిపించిందా?”
అనిపించడమేమిటి, అంది.
పొద్దున నా కాలే.
సాయంత్రానికి ఎవరిదో మోస్తున్నట్టుంటుంది.

ఆ ఎవరిదో కాలుకి గడి లేదు.
‘రోజూ’ దగ్గర టిక్కు పెట్టాను.

“వాపు?”
నన్ను కాదు, ఆ బిగుతు మేజోడునడుగు.
దాన్ని తొడగడానికి మా వీబ్రెన్‌కి పావుగంట,
రబ్బరు గ్లౌజులు, రెండు బూతులు.
ముప్పై ఏళ్ల కాపురంలో నా పాదం
ఇన్నిసార్లు ఎప్పుడు పట్టుకున్నాడు గనక!
దీన్నెక్కడ రాస్తావు, బాధలోనా?

కలం పట్టుకుని కాగితం వెనక్కి తిప్పి చూశాను.
వెనక ఏమీ లేదు.

డాక్టరు బొమ్మ గీసి చెప్పాడట,
సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయని,
గడ్డ కరిగినా అవి సరిగా మూసుకోవడం లేదని.
నాకా తలుపుల పాఠం, అని నవ్వింది.
మా తాత లాకుల కాపలాదారు.
తలుపు వదులైతే నీళ్లెటు పోతాయో
నాకు పాలపళ్లప్పుడే తెలుసు.

“మీరు చేయలేకపోతున్న పని ఏదైనా...”
గంట మోగింది. పడవ.
మీట నొక్కింది. రోడ్డు లేచి నిలబడింది.
పాలట్యాంకరు ఆగింది, సైకిళ్లు ఆగాయి.
కిటికీలోంచి గేలపుకర్ర చాపింది.
దారం చివర ఊగుతూ దిగింది
పసుపు రంగు చెక్కబూటు.
పడవవాడు సుంకం అందులో వేసి చెయ్యి ఊపాడు.

అది నా ఎడమకాలిదే, అంది దారం చుట్టుకుంటూ.
కిందటి మార్చి నుంచి పట్టడం మానేసింది.
మూలన పడుంటే చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది.
అందుకే పనిలో పెట్టాను.
“మరి కుడిది?”
కుడిది ఇంట్లో ఉంది, అంది.
ఇంకేం అనలేదు.

ఆ ప్రశ్నకి తిరిగి వెళ్లలేదు నేను.
చివరిది అడిగాను:
“మళ్లీ గడ్డ కడుతుందని భయమా?”

చాలాసేపు కాలువ వైపు చూసింది.
తర్వాత పడవల రిజిస్టరు తీసి చివరి పేజీలు తెరిచింది.
రాత్రిళ్లు లేచి కుట్టుపని టేపుతో
రెండు పిక్కలూ కొలిచిన అంకెలు.
ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిదిన్నర.
ఒకచోట అంకె లేదు, పెన్ను గుచ్చిన చుక్క.
అవెవరూ అడగలేదట.

తిరుగు బస్సులో మార్కులు కూడాను:
నూటికి యాభై మూడు, ఒక జవాబు ఖాళీ.

నేను లేచేటప్పుడు ఆమె రాసుకున్న వరుస మాత్రం
తలకిందులుగానే చదివేశాను:
మంగళవారం. పడవలు నాలుగు.
నర్సు ఒకరు.
ఎడమ పిక్క, ముప్పై తొమ్మిది.