జతపరచినవి

చీమకుర్తిలో మధ్యాహ్నం మూడున్నరకి
సైరన్ మోగుతుంది.
ఏడో పీరియడ్. తొమ్మిదో తరగతి.
ఎవరూ చెప్పకుండానే
పిల్లలు పెన్నులు పైకెత్తుతారు.
క్వారీలో పేలుడయ్యాక దించుతారు.
లేకపోతే అక్షరం పక్క గీతలోకి దూకుతుందని
వాళ్ళకి ఒకటో తరగతి నుంచే తెలుసు.

గోడకి పగులు జూన్‌లో వెంట్రుకంత.
దసరా సెలవులయ్యేసరికి
రిజ్వానా అందులో తన స్కేలు దాచుకుంటోంది.

ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాను.
కింద ఒక్క వాక్యం:
ఇది ఇంకెన్ని పీరియడ్లు నిలబడుతుందో చెప్పగలరా?
నలభై మూడు మంది చూశారు.
పాలబ్బాయి, మా బావమరిది, పాత విద్యార్థులు,
ఇంకా ఎవరో ఒకరు.
ఆ ఒకరెవరో ఇప్పటికీ తెలీదు.
స్టాఫ్ రూములో టీ తాగుతూ
ప్రతి మొహంలోనూ వెతుకుతున్నాను.
మెమో చేతికి రాకముందే
అది చేసిన మొదటి పని ఇది.

హెడ్మాస్టరు సింగరయ్య గారు
తలుపు దగ్గరికేసి కవరు ఇచ్చారు.
"నిజవేనయ్యా. కాదని ఎవురన్నారు?
నిజాన్ని ఫోన్లో పెట్టడం దేనికంట?
నాకింకా రెండేళ్ళ సర్వీసుంది."

స్టేటస్ ఎట్టాగూ ఇరవై నాలుగు గంటల్లో పోయేదే.
నేను ఇరవై ఒకటో గంటలో చెరిపేశాను.
ఆ మూడు గంటలు
నా పేరు మీద బాకీ ఉన్నాయి.

మర్నాడు పాఠం ప్రాథమిక హక్కులు.
పంతొమ్మిదో అధికరణం,
నాలుగు మార్కుల ప్రశ్న, రాసుకోండి అన్నాను.
బుద్ధిగా రాసుకున్నారు.
రిజ్వానా లేచింది.
"సార్, స్టేటస్ కూడా మాట కిందికే వస్తదా?"
వస్తుందమ్మా.
"మీరు తీసేశారంట గదా?"

బోర్డు వైపు తిరిగాను.
తుడవడానికి అక్కడేమీ లేదు.
తుడిచాను.

ఆ రాత్రి వాళ్ళ నాన్న ఫోన్లో
ఆ పిల్లే పెట్టింది అదే గోడని,
పగుల్లో స్కేలు నిలబెట్టి,
సెంటీమీటర్లు కనపడేటట్టు.

నాగూర్ మీరా టిప్పర్ తోలతాడు.
టిప్పర్ ఎవరిదో ఊరందరికీ తెలుసు.
రెండు రోజులు ఆయనకి బండి తాళం ఇవ్వలేదు.
మూడోరోజు బడికొచ్చాడు, చెప్పులు మెట్ల కింద విడిచి.
"పిల్ల సార్. తెలవదు దానికి.
ఇంక ఫోన్ ముట్టనియ్యను."

క్షమాపణ పత్రం రాయించారు.
"పొరపాటున అని రాయాల్నా సార్?
పొరపాటున కాదు గదా."
రాయమ్మా, అన్నారు. రాసింది.
దిద్దమని నాకిచ్చారు.
దోషం ఒకటే ఉంది,
అది అక్షరాల్లో లేదు.
దిద్దకుండా తిరిగిచ్చేశాను.

ఇప్పుడు ఫోన్ లేదు.
పేలుడయ్యాక బెంచీల మీద దుమ్ము దిగుతుంది,
అందులో రిజ్వానా వేలితో ఓ అంకె వేస్తుంది.
ఒకటి పాయింట్ రెండు.
ఇంకో వారం, ఒకటి పాయింట్ నాలుగు.
పొద్దున్నే వచ్చి మస్తానమ్మ
గది మొత్తం తడిగుడ్డ పెట్టి తుడుస్తుంది.
సోమవారం చూశాను,
రెండో వరస మూడో బెంచీ
తుడవకుండా వదిలేసిపోయింది.
ఆమెకి చదువు రాదని
నేను అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ.

ఇవాళే ఆఖరి గడువు.
ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్ళు.
సంజాయిషీ రాస్తున్నాను.

అయ్యా,
ఫొటో నేనే తీశాను. వాక్యం నాదే.
గోడ మాత్రం నాది కాదు, బడిది.
పెట్టినందుకు చెప్పుకోవడానికి నా దగ్గరేమీ లేదు.
తీసేసినందుకు ఉంది, అది మీరు అడగలేదు.

ఇక్కడికొచ్చేసరికి సైరన్.
కలం పైకెత్తాను.
పక్క గదిలో ముప్ఫై ఆరు పెన్నులు
లేచే ఉంటాయి.

పేలింది.
కాగితం మీద సన్నగా, బూడిదరంగున
వాలింది.
ఊదబోయి ఆగాను.
దాని మీదే, అడుగున, ఎడంపక్క రాశాను:

జతపరచినవి.
ఒకటి, పగులు కొలతలు, తేదీలతో
(కొలిచినవారి పేరు రాయలేదు).
రెండు, దుమ్ము.