ఏడు నిమిషాలు

పొద్దున ఏడుంపావుకి తెల్ల వ్యాను ఆగుతుంది
ప్యాకింగ్ షెడ్డు వెనకాల, ఖాళీ పెట్టెల దగ్గర.
డ్రైవరు అట్ట అందిస్తాడు, సంతకం చేస్తాను.
ఎరువుల బస్తాలు దింపించుకున్నప్పుడు చేసే సంతకమే.
అప్పుడు గానీ హోహెపా కిందికి దిగడు.

హాక్స్ బేలో మార్చి అంటే యాపిల్ కోత.
కళ్ళు మూసుకున్నా బ్రేబర్న్ ఎరుపే.
కోసేవాళ్ళు చాలరు, ఏరేవాళ్ళు చాలరు,
టోంగా నుంచి విమానాల్లో దిగినవాళ్ళూ చాలరు.
చాలనప్పుడే మాకు జైలు గుర్తొచ్చింది.
దాన్ని దయ అని ఎవరైనా అంటే
నేను కాదనను, ఔననూ అనను.

అతని కాగితాల్లో ఒక్క మాటే చదివాను: ఇళ్ళు.
మనుషులు లేని వేళ, తలుపు చప్పుడు కాకుండా.
ఆ వేళ్ళే ఇప్పుడు బెల్టు మీద పరిగెత్తే కాయల్లో
దెబ్బ తిన్నదాన్ని చూపుకంటే ముందు పట్టుకుంటాయి.
మచ్చ పైకి కనపడదు,
బొటనవేలి కింద కాస్త మెత్తగా ఉంటుందంతే.

రోజుకు రెండుసార్లు నేను జైలుకి ఫోన్ చెయ్యాలి.
"ఉన్నాడు" అనాలి.
ఆ ఒక్క మాటకి ఎనిమిది నొక్కు, మూడు నొక్కు, ఆగు, సంగీతం విను.
బెల్టు ఇరుక్కుపోయిన బుధవారం
నూనె చేతులతో గేర్ల కింద నేను పడుకుని ఉంటే
పక్కన ఒక జత బూట్లు వచ్చి నిలబడ్డాయి,
ఒక చీలమండకి నల్ల పట్టీ.
"మూడయింది మిస్. నా గురించి చెప్పాలి మీరు."

నవ్వాను. అతను నవ్వలేదు.
"గోడ మీద ఇంకా కాలేదుగా?"
"గోడ ఏడు నిమిషాలు వెనక.
వ్యాను అయిదుకొస్తుంది, మీ గంట ఆ తర్వాత మోగుతుంది.
కొందరు డ్రైవర్లు ఊరుకుంటారు, కొందరు ఆలస్యం అని రాస్తారు.
రెండు రాశారు. మూడోది రాస్తే ఈ పని పోతుంది నాకు."

ఆ గడియారం నాన్న తగిలించింది.
పొద్దున గంట చేతివాచీ చూసి కొట్టేవాడు,
సాయంత్రం గంట గోడ చూసి.
ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే కన్ను గీటాడు.
అదేదో మా ఇద్దరి ముచ్చట అనుకున్నాను
ముప్పై ఏళ్ళు.
ఆయన పోయాక పొద్దున గంట నా ఫోన్ చూసి నేనే కొట్టాను.
సాయంత్రం గంట,
సరే, చెప్పేదేముంది.

ఇంటిదొంగని దేవుడైనా పట్టలేడంటారు.
దేవుడిదాకా ఎందుకు,
వేళకి లోపలికి చేరాల్సిన మనిషి ఒకడుంటే చాలదూ.

ఏడు నిమిషాలు, నలభై మంది, పది వారాల కోత...
ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక లెక్క మొదలుపెట్టి
సగంలో ఆపేశాను.
ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

గురువారం నిచ్చెన వేశాను.
కింద హోహెపా పట్టుకున్నాడు. అతను ఎక్కకూడదు,
మూడు మెట్లు మించరాదని షరతుల్లో రాసుంది.
ముల్లు బిగుసుకుపోయింది.
గోరు విరిగింది గానీ కదిలింది.
బెల్టు దగ్గర్నుంచి మెలెనైతే కేకేసింది:
"ఏం చేస్తున్నారక్కడ?"
"గడియారం వెనకబడింది."
"ఎప్పట్నించి?"

ఇరవై మూడు సీజన్లు చేసింది ఆవిడ ఇక్కడ.
షెడ్డులో బెల్టు చప్పుడొకటే మిగిలింది.
హోహెపా తలెత్తలేదు,
నా బూటుకంటిన మట్టిని చూస్తూ నిలబడ్డాడు.
పట్టుబడ్డవాళ్ళ మొహం ఎప్పుడు చూడకూడదో
అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు.

ఆ సాయంత్రం అయిదుకి అయిదుకే గంట కొట్టాను.
వ్యాను ఇంకా రాలేదు.
అందరూ వెళ్ళిపోయాక ఖాళీ పెట్టె మీద కూర్చుని
ఒక కాయ తిన్నాడు, దెబ్బతిన్నది, అమ్మకానికి పనికిరానిది.
అడిగి తీసుకున్నాడు.