గత నాలుగు వారాల్లో

కొత్తపేటలో, ఆసుపత్రి మెట్ల కింద గది.
నా ముందు అట్ట, దారం కట్టిన పెన్ను,
ఐదు ప్రశ్నల కాగితం.
సున్నా అంటే బాధ లేదు. నాలుగంటే భరించలేను.
మధ్య మూడు గళ్ళకీ పేర్లు పెట్టినవాడు
హాయిగా ఊపిరి తీసేవాడే అయ్యుంటాడు.

మొదటి ప్రశ్నలో 'నాసికా అవరోధం' అని ఉండేది.
వారం రోజులు అలాగే చదివాను.
వచ్చినవాళ్ళు నా నోటివంక చూసి
మర్యాదకి "ఊఁ" అన్నారు.
పట్నంబజారు హమాలీ మీరావలి మాత్రం
"ముక్కు దిబ్బడేనా తల్లీ నువ్వడిగేది?" అన్నాడు.
అచ్చుని కొట్టేసి
ఆ మాటే పైన రాసుకున్నాను.

అతను అన్నిటికీ నాలుగే పెట్టించాడు.
డాక్టరుగారు దీపం వేసి చూసి, దారి బాగానే ఉందే, అంటే
"పడుకోబెట్టి చూస్తే ఏం కనపడుద్దండీ,
బస్తా మెడమీద పడ్డాక చూడండి" అన్నాడు.

తర్వాత సువార్తమ్మ.
ఏటుకూరు రోడ్డు షెడ్డులో
ఇరవై రెండేళ్ళుగా మిరపకాయల ముచ్చికలు తీస్తోంది.
ఎండి బీటలిచ్చిన పెదాలు, ఎప్పుడూ కాస్త తెరిచే ఉన్న నోరు.

గత నాలుగు వారాల్లో ముక్కు దిబ్బడేసిందా?
"సుద్దా."
గాలి చాలక నిద్ర లేచారా?
"సుద్దా వెయ్యబ్బా."
పనిలో ఆయాసం?
"కొత్తగా వస్తే కదబ్బా బాధ.
ఇది దాతోటే ఉద్దది."

అప్పుడు వినపడింది నాకు.
ఆమె నోట్లో మకారం లేదు, నకారం లేదు.
అమ్మలో రెండు మలూ, నేనులో రెండు నలూ
ఎప్పుడో ఆ షెడ్డు ఎర్రదుమ్ములో రాలిపోయాయి.
ఆ ప్రశ్న కాగితంలో లేదు.

చల్లటి స్టీలు పలక ముక్కు కింద పెట్టాను.
రెండు ఆవిరి మచ్చలు రావాలి మనిషికి.
ఎడమవైపు మిరపగింజంత వచ్చింది.
కుడివైపు పలక అద్దంలా
నా మొహమే చూపించింది.

లోపల చుక్కలు వేసి కూర్చోబెట్టారు.
పావుగంటకి బయటికొచ్చి
కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది.
తుమ్మింది. మళ్ళీ పెట్టుకుంది.
"ఇంత ఘాటు మోసుకుని తిరుగుతున్నానా నేను!"

నేనులో రెండు నలూ ఉన్నాయి.
ఆమె గమనించలేదు. గమనించాక
చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది,
ఎవరిదో వస్తువు పొరపాటున తీసుకున్నట్టు.

కాగితం మళ్ళీ అడగనా అన్నాను.
నింపిన గళ్ళు దిద్దకూడదని రూలుంది,
అయినా అడిగాను.
ఆమెకి కాగితం పట్టలేదు.
"ఈ చుక్కలు ఎందాకా పనిచేస్తయ్యి?"
సాయంత్రం దాకా, అంతే.
అసలు మందు పనిచెయ్యడానికి రోజులు పడుతుంది, రోజూ కొట్టుకోవాలి,
దుమ్ములో గుడ్డ కట్టుకోవాలి —
చెబుతూనే ఉన్నాను, ఆమె చెప్పులు వేసుకుంటోంది.

"మా మనవరాలు బడి నుంచి నాలుగింటికొస్తది.
దాని పేరు నేనే పెట్టా.
దయోబీ అని పిలుస్తానని ఊరికే ఏడిపిస్తది."

ఐదు సున్నాల కాగితం నా చేతిలో ఉంది.
బయట ఆటో ఎక్కుతూ
మెల్లగా అనుకుంటోంది, జారిపోతుందేమోనని:
నయోమి. నయోమి.