రెండో రాత్రి టికెట్టు

పదకొండు నిమిషాల్లో అయిపోయాయి టికెట్లు,
శనివారానివీ, ఆదివారానివీ.
నా ఫోన్లో మాత్రం రెండు రాత్రులూ ఉన్నాయి
దొంగసొమ్ములా.

జగదాంబ వెనక సందులో టీకొట్టు.
పైడిరాజు గ్లాసు బల్లమీద టప్పున పెట్టాడు:
"అదే బ్యాండు, అవే పాటలు, అదే మైకు.
రెండోరోజు ఏటింటావు నువ్వు?
నిన్నటి పులుసు వేడి చేసుకోడం కాదా?"

"నిన్నటి చేపల పులుసే కదరా బావుంటాది"
అంది తబిత.
ఫిషింగ్ హార్బర్లో ఐసు లెక్కలు రాస్తుంది,
ఏది ఎన్నాళ్ళు నిలవుంటుందో తనకి తెలుసు.

నేను బీచి వైపు చెయ్యి చూపించబోయాను.
"అలల మాటెత్తకు" అన్నాడు వాడు.
"ఈ ఊళ్ళో ప్రతోడూ
దేనికైనా అలల్నే సాక్ష్యానికి పిలుస్తాడు.
వాటికీ పనుంటాది, పాపం."

నవ్వేం.
కానీ లేస్తూ లేస్తూ ఒక మాటన్నాడు:
"నీ రెండో టికెట్టు
ఎవరిదో మొదటి టికెట్టు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.
కేజీహెచ్‌లో ఎక్స్‌రేలు తీసేదాన్ని,
ఒకే చేతిని రెండు పక్కల నుంచి తీస్తే గాని
విరిగిందో లేదో చెప్పలేమని మాత్రం తెలుసు.
"పాటకేటి విరిగింది?" అంటాడని ఊరుకున్నాను.
తబితకి ఏ రాత్రికీ టికెట్టు లేదన్న సంగతి
టీ డబ్బులు తనే ఇచ్చేస్తుంటే
గుర్తొచ్చింది.

శనివారం,
లంగరు వాళ్ళు నాలుగో పాటలో ఉండగా కరెంటు పోయింది.
గిటార్లు గుటుక్కుమన్నాయి.
డ్రమ్ముల దగ్గరి అమ్మాయి మాత్రం ఆపలేదు.
జనరేటరు అందుకునేదాకా
చీకట్లో ఒక్కర్తీ వాయిస్తూనే ఉంది,
తలుపు తీసేదాకా కొట్టే పాలమనిషిలా.
దీపాలొచ్చాక, ఇంకా పేరు పెట్టని పాటొకటి
కాగితం చూస్తూ పాడాడు ఆ గడ్డపాయన.
రెండో చరణంలో మాట మరిచిపోయి
చెవులు ఎర్రబడి
"మళ్ళీ" అన్నాడు.
ఆ మళ్ళీ దగ్గరే నేను పడిపోయాను.

ఆదివారం,
బి షిఫ్టు ఎవరికో అంటగట్టి
పైడిరాజు వచ్చాడు తన ఒకే ఒక్క రాత్రికి.
ఇస్త్రీ చొక్కా,
రోలింగ్ మిల్లు మోతకి సగం పోయిన ఎడమ చెవి.
కరెంటు పోలేదు.
ఎవరూ ఏదీ మరిచిపోలేదు.
పాట పాటకీ నడుమ "ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు" అని
వాడి మోచెయ్యి పొడుస్తూనే ఉన్నాను.
ఆ పేరులేని పాట రాలేదు.
లైట్లు వెలిగిపోయాయి, జనం
తొక్కిసలాటలో తెగిన చెప్పులు చేతపట్టుకుని
ఆటోలకి అరుస్తున్నారు.

గోపాలపట్నంలో నన్ను దింపడానికి వస్తూ
ఎన్ఏడీ ఫ్లైఓవర్ దిగాక బండి పక్కకి తీశాడు.
"ఏటా పాట? పాడు."
"నాకు రాగం రాదురా."
"నాకు ఎడం చెవి రాదు. సరిపోద్ది."

వాడి కుడి పక్కకి వెళ్ళి నిలబడ్డాను.
లారీ వెళ్ళినప్పుడల్లా ఆగి,
వెళ్ళాక అందుకుని,
హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్న మనిషికి
నిన్నటి రాత్రిని ఈ రాత్రిలోకి ఒంపుతూ.
రెండో చరణంలో మాట పోయింది,
ఆయన మరిచిన చోట కాదు, ఇంకోచోట.
"మళ్ళీ" అన్నాను.

వాడు బండి స్టార్టు చెయ్యలేదు.
బాగుందనీ అనలేదు.
"డ్రమ్ము ఎక్కడొస్తాదో అదీ కొట్టు" అన్నాడు,
పెట్రోలు ట్యాంకు చూపించి.

రేపు హార్బరుకెళ్ళి తబితకి పాడాలి.
అప్పటికి
ఇంకెన్ని మాటలు పోతాయో.