చెయ్యి వదిలితే

అయోవాలో ఏప్రిల్ చివరి సోమవారం.
కొండవాలు మీది లూథరన్ శ్మశానంలో
నేల ఇంకా మంచు తడి వదల్లేదు.
షెడ్డు తలుపు పైకెత్తి ఇంగ్వాల్డ్ ట్వెయిట్
ముందుగా నాకు చూపించింది మిషను కాదు,
గోడకి కొట్టిన ఓ మామూలు మేకు.

"బ్లేడుని దీనికి తగిలించు, మారిసేలా.
ఏ రెక్క వాలితే ఆ రెక్క బరువు.
అటువైపే ఆకురాయి పట్టు.
రెండూ సమంగా నిలిచేదాకా కాఫీ లేదు."

ఆ ఉదయం నాకు కాఫీ దొరకలేదు.

కిందికి చెయ్యి పెట్టేముందు
స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి దూరంగా వంచడం
ఆయనకి గుమ్మంలో జోళ్ళు విప్పడమంత అలవాటు.
"ఇంజను ఆపేశాంగా" అన్నాను ఒకసారి.
"ఆపింది నువ్వు. అది ఒప్పుకుందో లేదో అడిగావా?"
బ్లేడు తిరక్కుండా చెక్కదిమ్మ అడ్డంపెట్టి
నిరుటి గడ్డి గీకించాడు.
పచ్చటి అట్టలు, ఎండిన పేడకళ్ళలా, ఒళ్ళో రాలాయి.

పోస్ట్‌విల్‌లో మా అమ్మ మాంసం ఫ్యాక్టరీలో
పద్నాలుగేళ్ళు కత్తి పట్టింది.
పదును గురించి నాకు కొత్తగా చెప్పాలా అనుకున్నాను.
చెప్పాల్సింది పదును గురించి కాదు.

హ్యాండిల్ కింద రెండు లివర్లుంటాయి.
నొక్కి పట్టుకుంటేనే బ్లేడు తిరుగుతుంది,
చెయ్యి వదిలితే ఆగిపోతుంది.
ఈ దేశంలో దాన్ని చచ్చినోడి పిడి అంటారు.
శ్మశానంలో ఆ మాట ఇంగ్వాల్డ్ అననివ్వడు.
"బతికున్నోడి పిడి" అంటాడు,
ఎవరో నిద్రలేస్తారన్నట్టు గొంతు తగ్గించి.

నా ముందు పనిచేసిన కుర్రాడు
వేళ్ళు నొప్పెడుతున్నాయని దాన్ని ప్లాస్టిక్ టై‌తో కట్టేశాడట.
మంచు పడ్డ వాలు మీద వాడు జారాడు.
మిషను జారలేదు, తన దారిన తాను వెళ్ళింది.
తూర్పు వరసలో ఓ చిన్న రాయికి అంచు పగిలుంది చూడండి,
1911లో పుట్టి 1911లోనే పోయిన పాప.
"ఆ పిల్లకి రెండోసారి దెబ్బ తగిలింది" అంటాడు ఇంగ్వాల్డ్.
కుర్రాడికి ఏమీ కాలేదు.
అదే నాకు ఎక్కువ భయమేసింది.

మే, జూన్, జూలై.
వాలుకి అడ్డంగా నడవడం నేర్చుకున్నాను,
ఎక్కుతూ దిగుతూ కాదు.
తడి ఉంటే తొమ్మిదింటిదాకా ఆగడం,
ఇంజను చల్లారేదాకా పెట్రోలు డబ్బా ముట్టకపోవడం,
కోసేముందు వరసంతా తిరిగి
ప్లాస్టిక్ పూల తీగలు, చిన్న జెండా పుల్లలు,
ఎవరో ప్రేమగా పెట్టిపోయిన గులకరాళ్ళు ఏరడం.
బ్లేడు కింద పడితే ప్రేమ కూడా తూటాయే.

ఆగస్టులో వినిపించింది.
పడమటి గట్టు మీద ఆయన మిషను
మొదలై, ఆగి, మొదలై, ఆగి.
ఇయర్ మఫ్స్ తీసి చూశాను.
మిషనుకి ఏమీ కాలేదు.
లివరు మీద ఆయన వేళ్ళు
గాలిలో ఆకుల్లా వణుకుతున్నాయి.

మర్నాడు ఏడింటికి షెడ్డులో
ఆయన హ్యాండిల్‌కి ఒక నల్లటి ప్లాస్టిక్ టై.
తోక కూడా నీటుగా కత్తిరించి ఉంది.

ఏమనను?
ఆయన ప్లగ్ తీగనే చూస్తూ నిలబడ్డాడు.
నేను కటింగ్ ప్లయర్ తీసుకున్నాను.
టప్‌మని చిన్న చప్పుడు.
అంత నిశ్శబ్దంలో ఆ చప్పుడు
తూర్పు వరసదాకా వినిపించే ఉంటుంది.

ఇప్పుడు మిషను నేను తోస్తాను.
ఇరవై అడుగుల ముందు ఆయన బకెట్టుతో,
నడుం వంచి తీగలూ రాళ్ళూ ఏరుకుంటూ.
ఆ దూరం దాటి దగ్గరికి రానివ్వను.
ఒక్కోసారి మరిచిపోయి వెనక్కొస్తాడు,
నేను చెయ్యి వదిలేస్తాను.

సోమవారాలు బ్లేడు మాత్రం ఆయనే తగిలిస్తాడు.
మేకు దొరకడానికి రెండుమూడుసార్లు తడుముకుంటాడు.
నేను కాఫీ పోసి పెట్టి
తాగకుండా కూర్చుంటాను.