నీళ్ళెక్కువై

నా పేరు కుళ్ళాయప్ప.
పని గూడా కుళాయిదే.
అనంతపురంలో మూడు వీధులకు వాల్వు తిప్పుతా.
నాలుగు దినాలకొగసారి, కోడి గుయ్యకముందే
గుంత మూత ఎత్తి
నిలువెత్తు ఇనప తాళంచెవి బిగిచ్చి
ఎడమకు పన్నెండు చుట్లు.
గంటంపావు అయినాక
కుడికి పన్నెండు.
ఆ గంటంపావు నేను దేవున్ని.
మూసినాక దొంగోన్ని.

మా వీధికి ఒగ బిందె తక్కువ పారిచ్చినావని
మస్తానమ్మ ఒగసారి నా సైకిలు లోపలపెట్టి
గొళ్ళెం ఏసుకునింది.

అట్లాంటోని చేతికి
మేస్త్రీ సంజన్న, రిటైరై పోతా పోతా
ఒగ కుండీ పెట్టినాడు.
"ఎడారి గులాబి. పానం గట్టిది. సూసుకో."

పసిబిడ్డ తొడ మాదిరి
మడతలు మడతలు బొద్దు కాండం.
పైన నాలుగాకులు, ఒగే పువ్వు.
అంచు ఎరుపు, గొంతు తెలుపు.
మా మే నెల ఎండకు
రెప్ప గూడా కొట్టల్యా.

ఊరంతా నన్ను నీళ్ళడుగుతాది.
ఇది అడగల్యా.
అడగనిదానికి పెట్టాలనిపిచ్చింది నాకు.
పొద్దున చెంబు, మాపటేళ చెంబు,
డ్యూటీ దిగొచ్చి, చీకట్లో మన్ను తడిమి
ఇంగొగ చెంబు.
"నాకెప్పుడన్నా ముంచి ఇచ్చినావా ఇట్లా"
సుంకులమ్మ బిందెలు లెక్కబెట్టుకుంటా అనింది.

ఇరవై దినాలకు ఆకులు పసుపైనాయి.
సాల్లేదేమోనని ఇంగా పోసినా.
ఒగ పొద్దు వేలితో నొక్కితే
మురిగిన దోసకాయ మాదిరి
కాండం లోపలికి పోయింది వేలు.

ఈ సీమలో
నీళ్ళెక్కువై సచ్చేది ఒగటుంటాదని
ఎవురు సెప్పినారు నాకు?

టవర్ క్లాక్ కాడ
తోపుడుబండి మీద చెట్లమ్మే ఓబుళమ్మ
కుండీ సూసింది, నన్ను సూసింది.
"దినానికి ఎన్నితూర్లు?"
సెప్పినా.
వక్కాకు తుపుక్కున ఊసి నగింది.
"వాల్వు తిప్పేటోనివి,
మూసేది రాదా నీకు?"

కత్తి తీసింది.
మెత్తదంతా కోసింది, తెల్లకండ కనపడేదాకా.
పాలు కారితే "కంట్లో పడనీయాకు, విసం" అనింది.
కోసిన కాడ పసుపద్ది
"తలకిందులుగా కట్టి నీడకు యాలాడదీయి.
పది దినాలు మన్ను సూపియ్యొద్దు,
నీళ్ళ మాటే ఎత్తొద్దు."
"బతుకుతాదా?"
"దాని బుడ్డలో దానికి నీళ్ళుండాయి లేప్పా.
నీవి ఎవురడిగినారు?"

పది దినాలు
వసారాలో తాడుకు అది యాలాడింది.
దాని ముందర ఉత్త చేతుల్తో తిరిగినా నేను.
పాతికేండ్ల సర్వీసులో
అంత కష్టమైన డ్యూటీ చెయ్యల్యా.

మళ్ళా నాటినా.
పెన్న ఇసుక మూడు పాళ్ళు, ఎర్రమన్ను ఒగటి,
అడుగున పగిలిన పెంకులు.
గడ్డ సగం బయటికే,
మిద్దె మింద, ఎండ నడినెత్తిన కొట్టే కాడ.
రెండు గనుపుల దాకా వేలు దించి
పొడిగుంటేనే ఒగ గలాసు.
తడి తగిల్తే, వేలు తుడుసుకుని దిగొచ్చేది.
చలికాలమంతా దిగొచ్చేదే సరిపాయ.

మొన్న వాన పడింది.
ఎన్ని నెలలకో!
వీధి వీధంతా బయటికొచ్చింది.
బిందెలు, బక్కెట్లు, గంగాళాలు,
పిల్లోళ్ళ టిఫిను డబ్బాలు గూడా
చూరుల కింద వరస.
నేనొక్కన్నే
మిద్దె మెట్లు రెండ్రెండు ఎక్కి
కుండీ ఎత్తి పొట్టకానిచ్చుకుని
వానలోంచి లోపలికి పరిగెత్తినా.

మస్తానమ్మ ఎదురింట్లో నుంచి సూసింది.
"ఏమప్పా, వానను గూడా మూసేస్తాండావా?"
తడిసిన మొగంతో నగుతాంది.
సైకిలు సంగతి అయినంక
ఆమె నాతో నగడం ఇదే.

మొగ్గలు మూడొచ్చినాయి.
ఒగటి రాలిపాయ.
రేపు మూడో వీధి వంతు,
పన్నెండు చుట్లు ఎడమకు.
అలారం పెట్టుకోవాల.