తలుపు మీద మంచు

సాలూరు బైపాసు పక్కన రేకుల షెడ్డులో
తవిటయ్య మావ లారీలకు ఊళ్లు వేసేవాడు.
నేను డబ్బా మూతలు తీసేవాణ్ని.
జింకు తెలుపులో నూనె కలిపి
కొండ నెత్తిన పాయమనేవాడు.
"ఇదేటి మావా, సున్నమా?"
"కాదురా గుంటడా, మంచు.
ఆ దేశంలో పైనించి రాల్తాదట, దూది ఏకినట్టు."

గోడకి మేకు, మేక్కి కేలెండరు.
నెలలు చిరిగిపోయి బొమ్మలే మిగిలాయి.
మావ కాలి పుండుకి ఆర్నెల్లు కట్టు కట్టి
మిషను ఆస్పత్రి నర్సమ్మ ఎల్జ్‌బెత్
వెళ్లిపోతూ ఇచ్చింది.
ఆవిడ సీమ పేరు అల్గాయ్,
జర్మనీ దక్షిణాన, ఆల్ప్స్ కాళ్ల దగ్గర.
మావ నోట అది ఆలుగాయి అయింది,
సంతలో తూకానికి దొరికేదిలా.

కట్టు విప్పుతూ ఆవిడ చెప్పింది
కుంచె కడుగుతూ మావ నాకు చెప్పేవాడు.
ఏది ఆవిడదో ఏది మావదో
ఇప్పటికీ విడదీయలేను.

ఎండాకాలం ఆవులు కొండెక్కుతాయట.
చలికి ముందు పూలు పెట్టుకుని దిగుతాయట.
పైన ఒక్కటి చచ్చినా
ఆ ఏడు మందకి పూలుండవట.
గంట చప్పుడు విని
అది ఎవరి ఆవో చెప్పే ముసలమ్మలుండేవారట.
ఉప్పు బళ్లు ఆ ఊళ్ల మీదుగానే
పడమటి సరస్సుకి పోయేవట, బండికింతని సుంకం కట్టి.
"మనకీ అంతే కదరా.
కోనాడ ఉప్పు ఎద్దుల మీద ఎక్కిందీ ఈ దారినే.
సుంకి ఘాటీకి ఆ పేరు సుంకం నించే అనీవోడు మా తాత.
ఆడు శానా అబద్ధాలాడీవోడనుకో."

అయిదొందల ఏళ్ల కిందట
ఆ రైతులు దొరల మీద లేచారట.
అడిగిందేటి?
అడవిలో కట్టె, ఏట్లో చేప.
నరికేశారట.
ఆ మాట దగ్గర మావ కుంచె ఆగింది.
కట్టెలమోపు దింపి గార్డుకి దండం పెడుతున్న ఆడమనిషి
అప్పుడే రోడ్డవతల కనిపిస్తోంది.
మావ అటు చూశాడు, ఏమీ అనలేదు.
పచ్చలో నలుపు చుక్క కలిపి
అడవిని ముదురు చేశాడు.

ఓనర్లకి ఇవేవీ పట్టవు.
"ఆ కోసు చర్చి తీసి
మా పైడితల్లిని పెట్టు" అన్నాడొకాయన.
పెట్టాడు. మంచుకొండ కింద
ఎర్రచీరలో అమ్మవారు, ఏ చలీ లేకుండా.

ఒక ఆషాఢం వానలో
లారీ ఒకటి ఘాటీలో దొర్లిపోయింది.
డ్రైవరు దూకేశాడు, క్లీనరుకి కాలు విరిగింది.
ఇనుము తూకానికి పోయింది.
ఎడమ తలుపు మాత్రం దొరకలేదన్నారు.

మూడేళ్లకి, ఎగువ జిల్లేడువలస బడి గోడకి
అ ఆలు రాయడానికి వెళ్లాను.
జన్ని సుక్రయ్య పశువుల సాలకి
అడ్డనారతో కట్టి ఉంది మా తలుపు.
ఆవులున్నాయి. మెడల్లో గంటలున్నాయి.
"ఈ ఊరేదో తెలుసా?" అన్నాను.
"తెలీకేటి? మాదే.
అడివోళ్లు లేపీకముందు
ఆ పైన ఇలాగే ఉండీది,
ఇల్లుకీ ఇల్లుకీ ఇంతెడం."
నేను జర్మనీ అనబోయి ఊరుకున్నాను.

శిఖరం మీద తెలుపు పోయి
రేకు బయటపడింది.
"ఆవు రోజూ నాకుతాది, ఉప్పనుకుని,"
అంది వాళ్ల కూతురు.
నా సంచిలో తెలుపు డబ్బా ఉంది.
మూత సగం తీశాను.
రంగు ఆవు కడుపులోకి పోతుందని
మళ్లీ బిగించేశాను.

కిందికొచ్చి మావకి చెప్పాను.
కళ్లకి పొర కమ్మింది, ఇప్పుడు మావకి
ప్రపంచమంతా ఆలుగాయే.
చాలాసేపు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు,
మేకు మాత్రమే ఉన్న గోడ.
"నర్సమ్మకి ఉత్తరం రాయరా."
అడ్రసు లేదు మావా.
"రాయి, ముందు రాయి.
ఆవులు కొండెక్కాయని."